పాతిపెట్టిన భాషకు పండుగ నెల

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి పడమటి కొసన మార్ఫా అనే చిన్న ఊరుంది. మెక్సికో మూలాలున్న పిల్లల కోసం అక్కడ విడిగా నడిచిన బ్లాక్‌వెల్ పాఠశాలలో 1954లో ఒక అంత్యక్రియ జరిగింది. పిల్లల చేత చిన్న చిన్న కాగితం ముక్కల మీద ‘నేను స్పానిష్‌లో మాట్లాడను’ అని రాయించారు. ఆ చీటీలన్నీ పోగుచేసి, జెండా కొయ్య దగ్గర గొయ్యి తీసి పూడ్చారు. ఆ తంతుకు పెట్టిన పేరు ‘మిస్టర్ స్పానిష్’ అంత్యక్రియలు. అమ్మ అన్నానికి పిలిచే భాష మీద మట్టి కప్పించి, ఆ సాయంత్రం పిల్లలను మళ్లీ ఆ అమ్మ దగ్గరికే పంపింది బడి.

తెలుగువారికి ఇది దూరపు సంగతిగా అనిపించకపోవచ్చు. 2009లో కడప జిల్లాలోని ఒక ఆంగ్ల మాధ్యమ పాఠశాలలో, తెలుగులో మాట్లాడినందుకు చిన్నపిల్లల మెడలో పలకలు వేలాడదీశారు. ‘ఇకపై తెలుగులో మాట్లాడను’ అన్నది ఆ పలకల మీది రాత. ఆ ఫొటోలు పత్రికల్లో వచ్చినప్పుడు చాలామందికి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. పిల్లవాడి ఇంటి భాషను తప్పుగా చూపిస్తే ఆ ఇల్లే తప్పుగా కనిపిస్తుంది. హిస్పానిక్ వారసత్వాన్ని, అంటే స్పానిష్ భాషతో ముడిపడిన జనాల వారసత్వాన్ని, ప్రాథమిక పాఠశాలలో ఎలా బోధించాలి అన్న చర్చ అమెరికాలో దశాబ్దాలుగా సాగుతోంది. ఆ చర్చలో ఎక్కువగా వినిపించేవి వంటకాలు, పాటలు, రంగు కాగితాలు. వినిపించవలసింది మాత్రం మార్ఫాలోని ఆ గొయ్యి సంగతి.

ఇప్పుడు అమెరికా బడుల్లో ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ వారసత్వ మాసం జరుగుతుంది. నెల మధ్యలో మొదలుకావడానికి కారణం ఉంది. గ్వాటెమాలా, ఎల్ సాల్వడోర్, హోండురాస్, నికరాగువా, కోస్టారికా అనే అయిదు మధ్య అమెరికా దేశాలు 1821 సెప్టెంబరు 15న స్పెయిన్ పాలన నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాయి. మెక్సికో స్వాతంత్ర్య దినం ఆ మర్నాడే, చిలీది 18న. 1968లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ దీన్ని ఒక వారంగా మొదలుపెట్టింది. లాస్ ఏంజెలిస్ నుంచి ఎన్నికైన ఎడ్వర్డ్ రాయ్‌బాల్ ముందు నిలిచి పనిచేయగా, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. 1988లో రీగన్ హయాంలో వారం నెలగా పెరిగింది.

జాన్సన్‌కు ఈ విషయంతో సొంత సంబంధం ఉంది. 1928లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆయన టెక్సాస్‌లోని కొటుల్లా అనే ఊళ్లో మెక్సికన్ పిల్లల బడిలో పాఠాలు చెప్పారు. 1965లో ఓటు హక్కు చట్టం కోసం కాంగ్రెస్‌లో ప్రసంగిస్తూ ఆ పిల్లలనే తలచుకున్నారు. పొద్దున ఏమీ తినకుండా ఆకలితో బడికి వచ్చేవారని, జనం తమను ఎందుకు ఇష్టపడరో వాళ్లకు అర్థమయ్యేది కాదని చెప్పారు.

ఇది ఎవరో కొద్దిమంది పిల్లల సంగతి కూడా కాదు. 2020 జనగణనలో 6.21 కోట్ల మంది, అంటే దేశ జనాభాలో దాదాపు 19 శాతం, హిస్పానిక్ లేదా లాటినో అని నమోదయ్యారు. ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లల్లో వీరి వాటా నాలుగో వంతు దాటింది. కాలిఫోర్నియా, టెక్సాస్‌లలో సగం దాటింది. అక్కడ ఈ పిల్లలకు వారసత్వ పాఠం చెప్పడమంటే తరగతిలో సగం మందికి వాళ్ల ఇంటి సంగతి చెప్పడమే.

ఆ నెలలో చాలా తరగతి గదుల్లో జరిగేది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గోడల మీద జెండాలు వెలుస్తాయి. పిల్లలు కాగితపు సొంబ్రెరో టోపీలు కత్తిరిస్తారు. ఒక శుక్రవారం టాకోలు వస్తాయి, మరో రోజు మిఠాయిలు నింపిన పిన్యాటాను కర్రతో పగలగొడతారు. వ్యోమగామి ఎలెన్ ఒచోవా, బేస్‌బాల్ ఆటగాడు రొబెర్టో క్లెమెంటే బొమ్మలు గోడకెక్కుతాయి. అక్టోబరు 16న అన్నీ దిగిపోతాయి. వంటలోనూ ఆటలోనూ తప్పేమీ లేదు. ఆరేళ్ల పిల్లలకు రుచి, రంగు, చప్పుడు కూడా చదువే. చిక్కు ఎక్కడంటే, పాఠం అక్కడే ఆగిపోతోంది. పైగా ఇరవై దేశాల జనాన్ని ఒకే టోపీ కిందికి తెస్తోంది.

హిస్పానిక్ అన్న మాటే ఒక పెద్ద సంచి. స్పానిష్ భాషతో ముడిపడినవారంతా అందులోకి వస్తారు. స్పెయిన్ నుంచి వచ్చినవారు హిస్పానిక్ అవుతారు, పోర్చుగీసు మాట్లాడే బ్రెజిల్ వారు కారు. లాటినో అంటే సాధారణంగా లాటిన్ అమెరికా మూలాలున్నవారు, అందులో బ్రెజిల్ వారికి చోటుంది, స్పెయిన్ వారికి లేదు. జనగణన పత్రం మీద ఈ రెండు మాటలూ పక్కపక్కనే కనిపిస్తాయి గానీ ఇంట్లో ఎవరూ తమను అలా పిలుచుకోరు. మేము ప్యూర్టోరికో దీవి వాళ్లం, మేము మెక్సికోలోని ఒహాకా వాళ్లం అంటారు. మన దగ్గర ‘దక్షిణ భారతీయులం’ అని ఏ ఇంట్లోనూ చెప్పుకోరు కదా, అలాంటిదే ఇది.

సంచి లోపల ఉన్న తేడాలు చిన్నవి కావు. ప్యూర్టోరికో 1898లో అమెరికా చేతికి వచ్చింది, అక్కడి ప్రజలకు 1917 నుంచి అమెరికా పౌరసత్వం ఉంది. న్యూయార్క్ బడిలోని ప్యూర్టోరికో పిల్లను ‘ఎప్పుడు వలస వచ్చారు’ అని అడిగితే ఆ ప్రశ్నే తప్పు. న్యూ మెక్సికో అనే అమెరికా రాష్ట్రంలో కొన్ని కుటుంబాలు అమెరికాకు వలస రాలేదు. శాంటా ఫే పట్టణం 1610 నాటిది, ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడ వచ్చింది 1620లో. 1848లో అమెరికా, మెక్సికోల యుద్ధాన్ని ముగించిన గ్వాడలూపె హిడాల్గో ఒప్పందంతో సరిహద్దు గీత వాళ్ల ఇళ్ల మీదుగా జరిగి దక్షిణానికి పోయింది, వాళ్లు మాత్రం కదలలేదు. ఇక కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ బడుల్లో గ్వాటెమాలా నుంచి వచ్చిన మాయా కుటుంబాల పిల్లలున్నారు. వాళ్ల ఇంటి భాష మామ్. వాళ్లకు స్పానిష్ కూడా పైనుంచి వచ్చిన భాషే. ఆ పిల్లలకు ‘ఇది మీ భాష’ అంటూ స్పానిష్ పాట నేర్పిస్తే, మంచి ఉద్దేశంతోనే వాళ్ల భాషను మరొకసారి పూడ్చినట్టవుతుంది.

సగం తెలిసిన పాఠం ఎంత గట్టిగా పాతుకుపోతుందో చూడాలంటే మే 5 చాలు. సింకో డె మాయో మెక్సికో స్వాతంత్ర్య దినమని అమెరికాలో చాలామంది నమ్మకం. నిజానికి అది 1862లో ప్యూబ్లా దగ్గర మెక్సికో సైన్యం ఫ్రెంచి సేనలను ఓడించిన రోజు. మెక్సికో కంటే అమెరికాలోనే అది పెద్ద పండుగ అయింది.

కాలిఫోర్నియాలో ఇంకో ఉదాహరణ ఉంది. దాని మీద కొంచెంసేపు నిలవాలి. ఆ రాష్ట్రంలో నాలుగో తరగతి చదివిన ప్రతి తరానికీ ‘మిషన్ ప్రాజెక్టు’ ఒక జ్ఞాపకం. 1769 నుంచి 1823 దాకా స్పానిష్ ఫ్రాన్సిస్కన్ పాదిరీలు సముద్ర తీరం వెంట 21 మిషన్లు, అంటే క్రైస్తవ మత ప్రచార కేంద్రాలు, కట్టారు. పిల్లలు వాటిలో ఒకదాన్ని ఎంచుకుని పంచదార బిళ్లలతోనో ఐసు పుల్లలతోనో నమూనా కట్టి తీసుకురావాలి. తల్లిదండ్రులు రాత్రంతా కూర్చుని జిగురు అంటించేవారు. దుకాణాల్లో రెడీమేడ్ సామగ్రి కూడా అమ్మేవారు. నమూనా అందంగా ఉండేది. గంట గోపురం, ఎర్ర పెంకుల కప్పు, మధ్యలో తోట, అన్నీ ఉండేవి. లేనిదల్లా మనుషులు. ఆ గోడల మధ్య బలవంతపు చాకిరీ చేసి, యూరప్ నుంచి వచ్చిన రోగాలతో వేల సంఖ్యలో చనిపోయిన మూలవాసులు ఆ పంచదార కట్టడంలో ఎక్కడా కనిపించేవారు కాదు.

2016లో కాలిఫోర్నియా తన చరిత్ర బోధన మార్గదర్శకాలను మార్చింది. పంచదార బిళ్లలతో మిషన్లు కట్టడం వల్ల ఆ కాలం గురించి పిల్లలకు అర్థమయ్యేది ఏమీ లేదని, పైగా అది చాలామందిని నొప్పిస్తుందని, అక్కడ బతికిన మనుషుల రోజువారీ జీవితం మీద దృష్టి పెట్టాలని అందులో రాశారు. ఇది పెద్ద ముందడుగు. హిస్పానిక్ వారసత్వంలో స్పెయిన్ వైభవమూ ఉంది, స్పెయిన్ చేసిన హింసా ఉంది. ఒకే పిల్లవాడి ఒంట్లో ఆ రెండు నెత్తుర్లూ ప్రవహిస్తుండవచ్చు. ఏదో ఒక వైపే చూపిస్తే అతడికి సగం తాతముత్తాతలను దాచిపెట్టినట్టే.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలకు అన్యాయాల చరిత్ర ఎందుకు, భయపడరా, బరువు కాదా అని. తల్లిదండ్రుల ఈ బెంగ అర్థం చేసుకోదగినదే. కానీ ఆ వయసు పిల్లలు రోజుకు పదిసార్లు అనే మాట ‘ఇది అన్యాయం’. పంపకంలో ఒక చాక్లెట్ తేడా వస్తే పట్టుకుంటారు. వాళ్లకు మోయలేనిది నిజం కాదు, దాన్ని పెద్దల ఎత్తులో చెప్పడం. పిల్లల ఎత్తులో చెప్పడానికి సిల్వియా మెండెజ్ కథ కంటే మంచిది దొరకదు.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. కాలిఫోర్నియాలోని వెస్ట్‌మిన్‌స్టర్ ఊరికి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి గొంజాలో మెండెజ్ మెక్సికో మనిషి, తల్లి ఫెలిసితాస్ ప్యూర్టోరికో మనిషి. వాళ్లు కౌలుకు తీసుకున్న పొలం మునెమిత్సు అనే జపనీస్ అమెరికన్ కుటుంబానిది. ప్రభుత్వం ఆ కుటుంబాన్ని అరిజోనాలోని నిర్బంధ శిబిరానికి తరలించింది. మెండెజ్ పిల్లలను, వాళ్ల మేనత్త పిల్లలను బడిలో చేర్పించడానికి ఆ అత్తే తీసుకెళ్లింది. అత్త పిల్లలు తెల్లగా ఉన్నారు, వాళ్ల ఇంటిపేరు ఫ్రెంచివారి పేరులా వినిపించింది. వాళ్లను చేర్చుకుంటామన్నారు. మెండెజ్ పిల్లలు నల్లగా ఉన్నారు, వాళ్లు మెక్సికన్ బడికి వెళ్లాలన్నారు. అత్త కోపంతో అందరినీ వెనక్కి తీసుకొచ్చేసింది.

ఒకే ఇంటి పిల్లలు, ఒకే గుమ్మం ముందు నిలబడ్డారు, సగం మంది లోపలికి, సగం మంది బయటికి. ఇది అర్థం కావడానికి రాజ్యాంగం తెలియనక్కర్లేదు. సిల్వియా పెద్దయ్యాక చెప్పిన మాటల్లో ఒకటి ఏ పిల్లకైనా మనసుకు పడుతుంది. అమ్మానాన్నలు కోర్టుకు ఎందుకు తిరుగుతున్నారో ఆమెకు అప్పుడు తెలియదట. తెల్లపిల్లల బడిలో ఉన్న అందమైన ఆట స్థలం కోసమే అనుకుందట. తాము వెళ్లిన హూవర్ బడి పక్కన ఆవుల మేత బీడు, దానికి కరెంటు కంచె ఉండేవి.

గొంజాలో మరో నలుగురు తండ్రులను కలుపుకొని 1945లో నాలుగు పాఠశాల జిల్లాల మీద కేసు వేశాడు. మెక్సికన్ పిల్లలకు ఇంగ్లిష్ రాదు కాబట్టే వేరు చేశామని అధికారులు వాదించారు. అప్పుడు ఒక పద్నాలుగేళ్ల అమ్మాయి బోనులోకి వచ్చి చక్కటి ఇంగ్లిష్‌లో సాక్ష్యం చెప్పింది. పిల్లల చేత నాటకం వేయిస్తే ఈ ఒక్క సన్నివేశం చాలు. 1946 ఫిబ్రవరిలో జిల్లా కోర్టు, 1947లో అప్పీలు కోర్టు కుటుంబాల పక్షాన తీర్పు చెప్పాయి. ఆ ఏడాదే కాలిఫోర్నియా గవర్నరు ఎర్ల్ వారెన్ బడుల్లో జాతి వేర్పాటుకు వీలిచ్చిన రాష్ట్ర చట్టాలను రద్దు చేసే బిల్లు మీద సంతకం చేశారు. ఏడేళ్ల తరువాత, 1954లో, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా దేశమంతటా ఆ వేర్పాటు చెల్లదన్న తీర్పు వెలువరించింది కూడా ఆయనే. అదే 1954లో మార్ఫాలో పిల్లలు చీటీలు పాతిపెడుతున్నారు. తీర్పు ఊరూరా అమలు కావడానికి ఎంతకాలం పడుతుందో చెప్పడానికి ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెడితే సరిపోతుంది. సిల్వియా నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. 2011లో అధ్యక్షుడు ఒబామా ఆమెకు దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందజేశారు.

చరిత్ర పాఠంలో ఎంత ధైర్యం కావాలో పిల్లల సొంత ఇళ్ల గురించి అడిగేటప్పుడు అంత జాగ్రత్త కావాలి. ‘మీ కుటుంబం ఈ దేశానికి ఎలా వచ్చిందో రాసుకురండి’ అన్న హోంవర్కు చాలామందికి సరదా. కొందరు పిల్లలకు మాత్రం ఆ రాత్రి ఇల్లంతా భయం. 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు, పత్రాలు లేని కుటుంబాల పిల్లలకు కూడా ప్రభుత్వ బడిలో చోటు నిరాకరించకూడదని తేల్చింది. అయితే బడుల పరిసరాల్లో వలస అధికారుల దాడులకు చాలావరకు అడ్డుగా ఉన్న విధానాన్ని 2025 జనవరిలో ప్రభుత్వం ఎత్తివేసింది. ఈ పరిస్థితిలో ప్రయాణం గురించి కాకుండా వంటింట్లో మాట, నాయనమ్మ పాట, నాన్న చేతి పని గురించి అడగడం మేలు. అవి చెప్పడానికి ఏ పత్రాలూ అక్కర్లేదు.

పేర్ల దగ్గర మరో పాఠం ఉంది, దానికి ఖర్చు కూడా లేదు. స్పానిష్ సంప్రదాయంలో పిల్లలకు రెండు ఇంటిపేర్లు, ముందు తండ్రిది, తరువాత తల్లిది. బడి కంప్యూటరు చివరి మాటనే ఇంటిపేరుగా పట్టుకుంటే తండ్రి ఇంటిపేరు మధ్యలో చిక్కుకుని మాయమవుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువారికి ఈ బాధ కొత్తదేమీ కాదు, అమెరికా ఫారాల్లో మన పేర్లూ తలకిందులవుతూనే ఉంటాయి. చిత్రకారుడు పాబ్లో రూయిస్ పికాసో పేరులో పికాసో అన్నది తల్లి ఇంటిపేరు. ఈ ఒక్క ముక్క చెప్పి, తరగతిలో ప్రతి పిల్లనూ తల్లి పేరు, తండ్రి పేరు కలిపి తన పూర్తి పేరు రాయమంటే, అక్కడ అందరికీ వారసత్వ పాఠం మొదలైనట్టే.

భాష విషయంలో అమెరికా ఒకే దారిలో నడవలేదు. క్యూబా విప్లవం తరువాత శరణార్థులు వచ్చిన మయామీ నగరంలో, 1963లోనే కోరల్ వే ప్రాథమిక పాఠశాల రెండు భాషల చదువు మొదలుపెట్టింది. రోజులో కొంత స్పానిష్‌లో, కొంత ఇంగ్లిష్‌లో, ఇరు భాషల పిల్లలూ కలిసి చదువుకున్నారు. మరోవైపు కాలిఫోర్నియా ఓటర్లు 1998లో రెండు భాషల చదువును దాదాపు మూసేశారు, 2016లో మళ్లీ వాళ్లే తెరిచారు. ఆ పద్దెనిమిదేళ్లలో బడికి వచ్చి వెళ్లిన పిల్లల నష్టం ఎవరూ పూడ్చలేరు. ఇప్పుడు రెండు భాషల తరగతుల్లో స్పానిష్ నేర్చుకుంటున్న పిల్లల్లో తెలుగు ఇళ్ల పిల్లలూ ఉన్నారు. మూడో భాష అంత తేలిగ్గా పట్టుబడుతున్నందుకు మురిసిపోయే తల్లిదండ్రులు మొదటి భాషను ఇంట్లో నిలబెట్టుకుంటే ఆ పిల్లలు ఎంత ధనవంతులవుతారో!

కథల దారిలో వెళ్లినవారిలో పురా బెల్‌ప్రేను తలచుకోకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టు. ప్యూర్టోరికో నుంచి వచ్చిన ఆమె 1921లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో, హార్లెంలోని శాఖలో, చేరారు. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన కథలు అక్కడి అరల్లో ఒక్కటీ కనిపించలేదు. తామే రాశారు, చేత్తో బొమ్మలు చేసి ఆడించారు, స్పానిష్‌లోనూ ఇంగ్లిష్‌లోనూ చెప్పారు. మార్తినా అనే బొద్దింక, పెరెజ్ అనే ఎలుకల పెళ్లి కథ 1932లో ఆమె పేరుతో అచ్చయింది. లైబ్రరీ అంటే తమకు సంబంధం లేని చోటు అనుకునే తల్లులు పిల్లల చేతులు పట్టుకుని లోపలికి వచ్చేలా చేసిందావిడ. లాటినో బాలసాహిత్యానికి 1996 నుంచి ఇస్తున్న పురస్కారానికి ఆమె పేరే పెట్టారు.

పండుగ పాఠం చెప్పేటప్పుడు కూడా ఒక వస్తువును దగ్గరగా పట్టుకుంటే అది ఎంతో దూరం తీసుకెళ్తుంది. నవంబరు 1, 2 తేదీల్లో మెక్సికోలో చనిపోయినవారి దినం జరుపుకొంటారు. ఇంట్లో ఒక పీఠం అమర్చి, పోయినవారి ఫొటోలు, వాళ్లకు ఇష్టమైన తిండి పెట్టి, గుమ్మం నుంచి దారి పొడుగునా పసుపు పచ్చని పూలు చల్లుతారు. ఆ పువ్వు పేరు సెంపసూచిల్, మెక్సికో మూలవాసుల నవాట్ల్ భాషలో ఇరవై పువ్వు అని అర్థం, అంటే బోలెడు రేకులున్నదని. అది మన బంతి పువ్వే. దాని పుట్టిల్లు మెక్సికో. దసరాకు గుమ్మానికి కట్టే దండలోకి, బతుకమ్మ వరుసల్లోకి అది సముద్రాలు దాటి వచ్చింది, మిరపకాయ వచ్చినట్టే. పెద్దల అమావాస్యకు తాతయ్యకు ఇష్టమైన కూర వండిపెట్టే ఇంట్లోంచి వచ్చిన పిల్లకు ఆ పీఠం చూడగానే సగం అర్థమైపోతుంది. మిగతా సగం, అంటే మన తంతుకూ వాళ్ల తంతుకూ ఉన్న తేడా, అప్పుడు అడిగి తెలుసుకోవాలనిపిస్తుంది.

ఇలా దగ్గరగా చూసే పద్ధతికి బలమైన ఆధారం అరిజోనాలోని టూసాన్ నుంచి వచ్చింది. అక్కడ లూయిస్ మోల్, నార్మా గొంజాలెస్ తదితర పరిశోధకులు, బడి ఉపాధ్యాయులు కలిసి మెక్సికన్ శ్రామిక కుటుంబాల ఇళ్లకు వెళ్లారు. తనిఖీకి కాదు, నేర్చుకోవడానికి వెళ్లారు. పేద ఇళ్లలో చదువుకు పనికొచ్చేది ఏమీ ఉండదన్న నమ్మకం అక్కడ కూలిపోయింది. పంటలు, పశువులు, గనుల పని, ఇల్లు కట్టడం, మూలికల వైద్యం, సరిహద్దుకు అటూ ఇటూ సాగే చిన్న వ్యాపారం, ఇలా ఎంత జ్ఞానం ఉందో వాళ్లు 1992లో ప్రచురించిన వ్యాసంలో రాశారు.

అందులో ఒక పిల్లవాడు ఉన్నాడు. మెక్సికోలోని బంధువుల ఇంటికి వెళ్లినప్పుడల్లా అక్కడి మిఠాయిలు తెచ్చి తన వీధిలో అమ్మేవాడు. ఇంటికి వెళ్లిన టీచరుకు ఈ సంగతి తెలిసింది. ఆమె దాన్నే పాఠంగా మలిచింది. పిల్లలు అమెరికా మిఠాయిల పొట్లాల మీద, మెక్సికో మిఠాయిల పొట్లాల మీద ఏమేమి రాసి ఉందో చదివి పోల్చారు. మెక్సికో మిఠాయిల్లో వేసే పదార్థాలు తక్కువని చూసి ఆశ్చర్యపోయారు. తరువాత ఒక తల్లిని బడికి పిలిచారు. ఆవిడ వచ్చి పిపితోరియా చేసి చూపించింది, అది మన పల్లీ పట్టీకి దగ్గరి చుట్టం లాంటి పాకం మిఠాయి. పాకం ఉడుకుతుండగా ఆ తల్లి గంటకు పైగా తరగతి అంతటికీ పాఠం చెప్పింది. ఏ మిఠాయి ఎలా చేస్తారో, రెండు దేశాల్లో తిండి ఎలా పండిస్తారో, ఎలా తింటారో, ఏది ఒంటికి మంచిదో వివరించింది. ఆ పూట టీచరు కూడా పిల్లలతో పాటు విని నేర్చుకుంది.